అరటినారకు ముడివేయు చేతులు



కాయకమనిన తోడనే మన కన్నులయెదుట మగ్గము ముందు కూర్చున్న జేడర దాసిమయ్యగారు నిలుతురు. మంచిదే. కాని ఆ మగ్గమునకు నూలు ఎవరి చేతుల మీదుగా వచ్చినదని మనమెన్నడైన అడిగితిమా? ఆయన ధర్మపత్ని దుగ్గళవ్వయు శరణురాలే, వచనములు చెప్పిన తల్లియే. అయినను నేత యనగానే నేసినవాడొక్కడే మనకు జ్ఞప్తికి వచ్చును. ఈ సంగతి ముచ్చటించుటకై నేడు మిమ్ము దూరదేశమునకు గొనిపోవలసి యున్నది.

జపాను దేశపు దక్షిణభాగమున ఓకినావా ద్వీపము కలదు. దాని ఉత్తరభాగమున, ఓగిమి గ్రామపరిధిలో, కిజోకా అను పల్లె యున్నది. అచట అరటినారతో బట్ట నేయుదురు. దానికి బాషోఫు అని పేరు. మనము పండు తిను అరటి కాదది. నారకొరకే పెంచు వేఱొక జాతి. నార పక్వమగుటకు సుమారు 3 ఏండ్లు పట్టును. ఆ లోపల ఆకులను, మొవ్వును పలుమారులు కోయుచుండవలెను. లేనిచో బోదె మొదట లావై, కొన సన్నమై, నార గరుసెక్కును. నేతశాలలో సాయము చేయువారికి ఈ తోటపనియు నేతలోని భాగమే.

బోదెను పడగొట్టి, పొరలొలిచి, మెత్తదనమును బట్టి నాలుగు తరగతులుగా వేఱుచేయుదురు. వెలుపలి పొర ముతక వస్తువులకు, లోపలి మెత్తని పొరలు కట్టుబట్టలకు. పిదప కట్టెబూడిద నీటిలో ఉడికించి, వెదురు పట్టుకఱ్ఱతో గీకి, కండను తొలగించి ఆరబెట్టుదురు. ఇంతవరకు చెప్పినదంతయు సన్నాహమే. అసలు శ్రమ ఇక మొదలగును.

నారపోగు బోదె పొడవును మించదు గదా. కావున నారను తడిపి, గోటితో సన్నగా చీల్చి, ఒక పోగు కొసకు మఱియొక పోగును ముడివేసి, ముడి తోకను చిన్నకత్తితో కోయుదురు. ముడి లావైనచో మగ్గములో చిక్కును, వదులైనచో విడిపోవును. ఒక్క కిమోనోకు సరిపడు గుడ్డకు సుమారు 200 మొక్కల నార కావలెను. అందెన్ని ముడులుండునో మీరే ఊహింపుడు. అన్ని పనులలోకెల్ల కాలమును మ్రింగునది ఇదియే. దీనిని ఎక్కువగా చేయునది ఆ పల్లె ముసలమ్మలు. ముడి బాగుగ పడినచో కంటికి కానరాదు; వేసినవారి పేరు గుడ్డమీద నుండదు. నేయునపుడు గాలి పొడిగా నున్నచో పోగు తెగును. వానకాలపు తేమ దానికి హితము.

ఈ విద్య యుద్ధకాలమున అంతరింపవలసినదే. 1921లో కిజోకాలో జన్మించిన తాయిరా తోషికోగారు యుద్ధపు తుదిదినములలో జపాను ప్రధానభూభాగమునందలి కురాషికి నగరపు కర్మాగారమునకు పనికై పంపబడిరి. యుద్ధము ముగిసిన పిమ్మట అచటనే తోనోమురా కిచినోసుకేగారి వద్ద నేత నేర్చిరి. ఇల్లు చేరి చూతురు గదా, తోటలు లేవు! దోమలు పెరిగి మలేరియా వ్యాపించునని అమెరికా సైనికులు అరటిని నఱికివైచిరి. ఆమె పల్లె స్త్రీలను కూడగట్టుకొని మరల మొక్కనుండి మొదలుపెట్టిరి. 1974లో జపాను ప్రభుత్వము ఈ నేతను ముఖ్యమైన సంప్రదాయకళగా గుర్తించినపుడు ఆ గౌరవము పొందినది కిజోకా బాషోఫు పరిరక్షణ సంఘము. ఆమెకు వ్యక్తిగతముగా అట్టి గౌరవము లభించినది 2000లో. ఆమె 2022లో, 101వ ఏట, కాయము చాలించిరి.

ఆ వరుసను గమనింపుడు. మొదట ముడివేయువారితో కూడిన సంఘము, 26 ఏండ్లకు వ్యక్తి. సాధారణముగా లోకమున జరుగునది దీనికి తలక్రిందులు. నాకు ఆ బట్టకంటె ఈ వరుసయే ఎక్కువ అందముగా తోచును.

అయినను అచటి చింత తీరలేదు. వృద్ధులొక్కరొక్కరుగా తరలిపోవుచుండ, ముడివేయు చేతులు తగ్గుచున్నవి. మగ్గమెక్క గోరువారు దొరకవచ్చును. ఎన్ని నెలలైనను పోగులు ముడివేయుచు కూర్చుండగోరువారేరీ? నూలులేని మగ్గము వట్టి కొయ్య.

మన యిండ్లలో మాత్రమేమి? ఇల్లాలు కండెలు చుట్టును, తెగిన పోగు అతుకును, పడుగు సరిచేయును. కూలి మగ్గముపై కూర్చున్నవాని చేతికి వచ్చును. “ఆమె ఏమి చేయునయ్యా?” అని అడిగినచో “ఇంటివద్దనే యుండునండీ” అని బదులు! కాయకమున హెచ్చుతగ్గులు లేవని వేదికలెక్కి చెప్పు మనమే ఈ మాటను విని తలయూపి ఊరకుందుము. దీనిని నేను తప్పనియే యందును.

రానున్న దాసిమయ్య జయంతికి మీ మీ సంఘములు నేతగానికి శాలువ కప్పును గదా. ఆ వేదికమీద ఆయన ప్రక్కన మఱియొక పీట వేయుడు. కండెలు చుట్టిన తల్లిని ‘ఫలానావారి భార్య’ యని గాక ఆమె పేరుతోనే పిలువుడు. ఆహ్వానపత్రికలో ఆ పేరు అచ్చువేయుటకు ఇంకను వ్యవధి యున్నది.