ఇచ్చువాని సిగ్గు

విద్యాభ్యాసము ముగించుకొని గృహోన్ముఖుడగుచున్న శిష్యునకు తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఆచార్యుడు చేసిన ఉపదేశమున సత్యధర్మములను గూర్చిన తొలి మాటలు మనకు కంఠస్థములే గాని, దానమును గూర్చి ఆయన పెట్టిన నియమములు అంతగా జ్ఞప్తికి రావు. శ్రద్ధ లేనిదే ఈయరాదనియు, ఇచ్చునపుడు దాతయే లజ్జతోను భయముతోను మెలగవలెననియు అచట చెప్పబడినది. పుచ్చుకొనువాడు సిగ్గుపడవలెనని మాత్రము ఆ అనువాకమున ఎక్కడను లేదు. వికలాంగ విద్యార్థులకు ధనసహాయము చేయునపుడు మన సంఘము ఈ క్రమమును తలక్రిందులు చేసి, సన్మానమును దాతకును సిగ్గును గ్రహీతకును పంచిపెట్టినది.

సహాయమే లేదనుట న్యాయము కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, 40 శాతమునకు తగ్గని వైకల్యము గలవారికి 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో కనీసము 5 శాతము సీట్లను విధించినది. తొమ్మిదవ తరగతి మొదలు పీజీ వరకు కేంద్ర ప్రభుత్వపు స్కాలర్‌షిప్పులు కలవు. సాంకేతిక విద్యార్థులకు ఏఐసీటీఈ వారి సక్షమ్ పథకము క్రింద ఏటా 50,000 రూపాయలు లభించును.

అయితే అచటికి చేరు త్రోవ ఎట్టిదో చూడుడు. సదరం క్యాంపునకు పోయి వైకల్య శాతమును లెక్క కట్టించుకొనవలెను. మీసేవలో ఆదాయ ధ్రువపత్రము తెచ్చుకొనవలెను. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపరచి గడువు దాటకుండ ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకొనవలెను. నడువలేని కుమార్తెను తండ్రి భుజమున మోసికొని మేడమీది ఆఫీసు మెట్లెక్కుటయు, వ్రేళ్లు కొంకరలు పోయిన బాలుని చేతిని గుమాస్తా వేలిముద్ర యంత్రముపై మరల మరల అదిమి చూచుటయు, చూపులేని యువకుడు తెరమీది వంకర అక్షరములను చదివిపెట్టుమని ప్రక్కవానిని బతిమాలుటయు ఈ త్రోవలోని మజిలీలే. ప్రైవేటు దాతల యొద్దకు పోయిన, దండలు వేసికొన్నవారి నడుమ చెక్కు పట్టుకొని ఫొటోకు నిలువవలసి వచ్చును.

పరీక్షింపక ఇచ్చిన అపాత్రదానమగునని కొందరందురు. నిజమే, దేశకాలపాత్రములు చూచి ఇచ్చినదే సాత్త్విక దానమని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది. కాని తామసదానమును వర్ణించు శ్లోకమున అపాత్రునకు ఇచ్చుటతో పాటు, సత్కారము లేక తిరస్కారముతో ఇచ్చుటయు సమాన దోషముగా పేర్కొనబడినది. మనము మొదటి సగమును చదివి రెండవ సగమును విడిచిన పాఠకులము. పాత్రతనైనను మనము సరిగా కొలిచితిమా? మచిలీపట్నము ప్రాంతమున జన్మించి, పుట్టుకతోనే చూపులేని శ్రీకాంత్ బొల్లా, ఇంటర్మీడియట్‌లో సైన్సు చదువుటకే కోర్టుకెక్కవలసి వచ్చెను. అటుపిమ్మట అమెరికాలోని ఎంఐటీ ఆయనను చేర్చుకొన్నది.

వైకల్యము పూర్వజన్మ కర్మఫలమను మాట ఇంకను కొందరి నోట వినవచ్చుచున్నది. కర్మసిద్ధాంతము ఎవని నడవడిని వాడు దిద్దుకొనుటకు ఏర్పడినదే గాని, ఇరుగుపొరుగువారి దేహములపై తీర్పు చెప్పుటకు కాదు. అంతకంటె మన సంప్రదాయమున నిలిచిన మరియొక భావము ఈ సందర్భమునకు తగియున్నది. మనుష్యుడు ఋణములతో జన్మించుననియు, వానిలో ఋషిఋణము అధ్యయనము వలననే తీరుననియు పెద్దలు చెప్పిరి. ఈ మాట సత్యమైనచో, చదువగోరు బాలునికి మెట్లు అడ్డము పెట్టిన సంఘము వానికి ఉపకారము మానుట మాత్రమే కాదు, వాని ఋణవిముక్తికి విఘాతము కలిగించుచున్నది. అతని చదువునకు మనము వెచ్చించు పైకము భిక్ష కాదు. మనకంటె ముందువారు మనకు విద్య నేర్పినందుకు చెల్లింపవలసిన బాకీ. బాకీ తీర్చువాడు ఫొటో దిగడు, ఋణస్థుని సభకు పిలిచి దండలు వేయరు.

కనుక దాతలు వేదికలను మానుకొని సొమ్మును నేరుగ విద్యార్థి ఖాతాకు పంపుదురు గాక. శాశ్వత వైకల్యమును ఒకసారి నిర్ణయించిన పిమ్మట అధికారులు మరల మరల ఋజువడుగకుందురు గాక. ఇచ్చుటకు ధనము లేని పాఠకులు, తమ వీధిలోని అట్టి విద్యార్థి ప్రక్కన ఒక పూట కూర్చుండి దరఖాస్తు పూర్తిచేయింతురు గాక.