సొంత పనివాడికి పరదేశపు వీసా

ఉద్యోగానికి వెళ్లేవాడికి కంపెనీ పూచీ ఉంటుంది. సొంతంగా పనిచేసుకునే ఫ్రీలాన్సర్‌కు తన పనే పూచీ. అందుకే అతనికి తలుపు తీసే దేశాలు తక్కువ. అమెరికాలో యజమాని లేనిదే హెచ్-1బి రాదు. పెట్టుబడిదారుల ఇ-2 వీసా ఒప్పందం ఉన్న దేశాలవాళ్లకే, అందులో భారత్ లేదు.

ఉన్నవాటిలో జర్మనీ దారి కాస్త స్పష్టమైనది. అక్కడి నివాస చట్టంలో 21వ సెక్షన్ స్వయం ఉపాధికి సంబంధించింది. దాని 5వ ఉపసెక్షన్ ఫ్రీలాన్సర్లది. ఆ మాట ఎవరికి వర్తిస్తుందో ఆదాయపు పన్ను చట్టం 18వ సెక్షన్ చెబుతుంది: డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, జర్నలిస్టులు, అనువాదకులు, కళాకారులు వగైరా. పేచీ అంతా సాఫ్ట్‌వేర్‌వాళ్ల దగ్గరే. పని ఇంజినీరింగ్ తరహాదని తేలితే ఫ్రీలాన్సర్, లేదంటే వ్యాపారి. వ్యాపారి అయితే తన వల్ల అక్కడి ఆర్థిక వ్యవస్థకు మేలుందని కూడా చూపించుకోవాలి.

ఫైలుకు ప్రాణం అక్కడి క్లయింట్ల ఉత్తరాలు. కుర్రాడు బుద్ధిమంతుడు, పని బాగా చేస్తాడు అన్న ప్రశంసలు అక్కడ చెల్లవు. ఏ పని, ఎన్ని నెలలు, ఎంత ఇస్తారు అన్నది కాగితం మీద ఉండాలి. సరైన ఆరోగ్య బీమా తప్పదు. 45 ఏళ్లు దాటితే వృద్ధాప్యానికి ఏం దాచుకున్నారనీ అడుగుతారు. అనుమతి గరిష్ఠంగా 3 ఏళ్లకు ఇచ్చి, ఆపైన పొడిగిస్తారు.

స్పెయిన్ లెక్క దీనికి తలకిందులు. 2022 డిసెంబరు నాటి స్టార్టప్ చట్టం ప్రకారం డబ్బు బయటి దేశాల నుంచి రావాలి. స్పెయిన్ క్లయింట్ల పని 20 శాతం మించకూడదు. ఆదాయం అక్కడి కనీస వేతనానికి రెట్టింపైనా ఉండాలి. ఎమిరేట్స్‌లో ఫ్రీలాన్సర్లకు 5 ఏళ్ల గ్రీన్ వీసా ఉంది.

గల్ఫ్ అంటే కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఆజాద్ వీసా గుర్తొస్తుంది. కాగితం మీద ఒక కఫీల్ (పూచీదారు), పని మరెక్కడో. చట్టంలో అలాంటి వీసాయే లేదు. పట్టుబడితే కూలీ జైలుకు, ఏజెంటు మరో ఊరికి. మా చిన్నాన్న వెళ్లింది దాని మీదే. ఆ రోజుల్లో ఏజెంటు గడపలో కూర్చుని టీ తాగి అబద్ధం చెప్పేవాడు, కనీసం మొహమైనా తెలిసేది. ఇప్పుడు రీల్‌లో వచ్చి చెబుతున్నాడు.

బెర్లిన్‌లో దిగి అక్కడే పర్మిట్ తీసుకోవచ్చనే వీడియోల్లో అమెరికన్లు చెప్పేది వాళ్ల వరకూ నిజమే. అమెరికా పాస్‌పోర్టుకు ఆ వెసులుబాటు ఉంది, భారత పాస్‌పోర్టుకు లేదు. ఇక్కడే దరఖాస్తు పెట్టి, దీర్ఘకాలిక వీసాతోనే విమానం ఎక్కాలి. 180 రోజుల్లో 90 రోజులకిచ్చే షెంగెన్ టూరిస్టు వీసా ఊళ్లు చూడటానికే. దాంతో వెళ్లి అక్కడ పని పట్టుకుంటే తర్వాతి దరఖాస్తులన్నిటికీ అదే అడ్డుపడుతుంది.

కాబట్టి ముందు ఆదాయపు పన్ను రిటర్నులు సక్రమంగా వేయాలి. క్లయింట్ల డబ్బు బ్యాంకు ఖాతాలోకే రావాలి. జర్మనీ అయితే అక్కడి క్లయింట్ల నుంచి రెండు మూడు ఉత్తరాలు సంపాదించాలి. ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకూడదు. వీసా స్టాంపు పడేదాకా ఇక్కడి కాంట్రాక్టులు వదలకూడదు, ఇంటి స్థలం అమ్మే మాట ఎత్తకూడదు.