క్షమింపబడినవానికి శిక్ష యేల?



నీ జాబు చేరినది. సంఘపు సొమ్ము వాడుకొనిన తప్పు నొప్పుకొని, దమ్మిడీతో సహా చెల్లించి, దేవుడు క్షమించెనని నమ్మిన తరువాత గూడ, పెద్దలు మునుపటివలె పలుకరించుట లేదనియు, కనుక ఆ క్షమాపణ నిజమైనదో కాదో యని సందేహము కలుగుచున్నదనియు వ్రాసితివి. సమూయేలు రెండవ గ్రంథము 11, 12 అధ్యాయములు శ్రద్ధతో చదివినవారి కెవరికైనను ఈ సందేహము కలుగక మానదు.

హిత్తీయుడైన ఊరియా రబ్బా ముట్టడిలో నుండగా దావీదు వాని భార్యను చేపట్టుటయు, ఆ పాపము దాచుటకై ఆ సైనికుని చేతికే వాని మరణశాసనమగు లేఖ నిచ్చి యోవాబు కడకు పంపుటయు నీ వెరుగుదువు. నాతాను ప్రవక్త పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, రాజు నోటనే తీర్పు పలికించి, ఆ దోషి సింహాసనముపై నున్నవాడే యని చూపగా, దావీదు సాకు లేమియు చెప్పక పాపము నొప్పుకొనెను. దేవుడా పాపమును తొలగించెనని పలికిన నాతానే, అదే నోటితో, పుట్టిన బిడ్డ చనిపోవుననెను. కత్తి యా యింటిని విడువదని అంతకు ముందు చెప్పిన మాటనైనను రద్దు చేయలేదు. శిక్షయే క్షమాపణకు వెల యైనచో, ఆ వెల పూర్తిగా ముట్టువరకు క్షమాపణ ఆగియుండెడిది గదా! ఆ పసిబిడ్డ చేసిన నేరమేమని నీవడిగెదవేమో. వ్యాఖ్యాతలు చెప్పిన సమాధానములలో నొక్కటియు నాకు తృప్తి నిచ్చినది కాదు.

ఏండ్లు గడచిన పిమ్మట కుమారుడగు అబ్షాలోము తిరుగుబాటు చేయగా, దావీదు తల కప్పుకొని, చెప్పులు లేని కాళ్లతో ఏడ్చుచు ఒలీవల కొండ నెక్కెను. బహూరీము దగ్గర, మునుపటి రాజైన సౌలు వంశీయుడగు షిమీ యెదురై, రాళ్లు రువ్వుచు, ధూళి చల్లుచు, నరహంతకుడవని తిట్టెను. సౌలు ఇంటివారి రక్తమును గూర్చి వాడు మోపిన నేరము అన్యాయము. ఊరియాను తలచినచో, వా డెరుగకయే పలికిన ఆ తిట్టు నిజము. వాని తల నరికెదనని దావీదు వెంటనున్న అబీషై ముందునకు రాగా రాజు వారించి, ఇది దేవుని సెలవై యుండవచ్చుననియు, తన శ్రమను చూచి ఆయన ఈ శాపమునకు మారుగా మేలు చేయునేమో యనియు చెప్పి, తన దారిన తాను సాగిపోయెను. షిమీ సత్యవంతుడని అతడనలేదు. దేవుడు తన్ను విడిచెననియు ననలేదు. తన పరువును గూర్చియు చింతింపలేదు. సౌలు గూడ దావీదువలెనే, సమూయేలు ప్రవక్త యెదుట పాపము చేసితిననెను గాని, వెంటనే పెద్దలలో తన పరువు నిలుపుమని వేడుకొనెను.

హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 12వ అధ్యాయము శిక్షను కుమారత్వమునకు గురుతుగా చెప్పుచున్నది. అది ఆ సమయమున దుఃఖకరమే యని కూడ ఆ పత్రిక ఒప్పుకొనును. మన బోధకులు కొందరు ఆ మాట దాటవేసి, శ్రమపడువానిని నవ్వుమందురు. పాపము జ్ఞాపకము వచ్చినప్పుడెల్ల కన్నీరు వచ్చునని వ్రాసితివి. 387లో జ్ఞానస్నానము పొందిన అగస్టీను, 430లో హిప్పో పట్టణమున మరణశయ్యపై నుండి, దావీదు పశ్చాత్తాప కీర్తనలను గోడపై నుంచుకొని చదువుచు ఏడ్చెను. ఆ కన్నీటిని అవిశ్వాసమని యెవరనగలరు?

అయితే ప్రతి కష్టమును ఏదో పాపమునకు ముడిపెట్టకుము. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా, తల్లిదండ్రులదా యని శిష్యులడుగగా, యేసు రెండును కాదనెను. నీ కష్టమునకు నీ తప్పు కారణమని నీకే తెలియును గనుక నీకింత వ్రాసితిని. పొరుగువాని జ్వరమునకు కారణము వెదకు అధికారము మనకు లేదు.

బిడ్డ చనిపోయిన దినమున దావీదు లేచి, స్నానము చేసి, మందిరమునకు పోయి మ్రొక్కి, పిమ్మటనే భోజనము చేసెను. నీవును ఆదివారము ఆరాధన మానకుము. ప్రభురాత్రి భోజనమునకు రావచ్చునా యని యడిగితివి. సంఘ కాపరితో మాటలాడి, ఆయన రమ్మనినచో సంకోచింపక రమ్ము. కోశాధికారి పనిని మాత్రము మరల ఇమ్మని అడుగకుము. వారే యిచ్చినను, లెక్కలు చూచుటకు మరియొకరిని తోడు కోరుము.

నీ పెదనాన్న