హంతకుల ధర్మపన్నాలు: బ్రిటిష్ గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో హాస్యమూ తీర్పూ

ఒంటికి అతికినట్టు కుట్టించిన సూటు వేసుకుని, మాటకు మాట అప్పజెప్పగల చమత్కారంతో, తాపీగా హత్యలు చేసుకుపోయే మనిషిని తెరమీద చూసి, నిజజీవితంలో చీమకైనా హాని తలపెట్టని ప్రేక్షకుడు ఎందుకు ఆనందిస్తాడన్న ప్రశ్నకు తరచుగా వినిపించే సమాధానం ఒకటుంది: రోజంతా మోసే నీతినియమాల బరువును రెండు గంటలసేపు దించుకోవడానికి ఈ సినిమాలు వీలు కల్పిస్తాయన్నది. బ్రిటిష్ గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో చవకబారువాటికి ఈ సమాధానం సరిపోవచ్చు గాని, 'ది లేడీకిల్లర్స్' (1955) మొదలుకొని 'ఇన్ బ్రూజ్' (2008) వరకు ఆ కోవలో నిలిచిన చిత్రాలకు సరిపోదు. వాటిలో న్యాయాధిపతి కనిపించడు, పోలీసులు కనిపించినా పనికిరారు. అయినా చేసినదానికి ఎక్కడో ఒకచోట లెక్క అప్పజెప్పక తప్పదన్న ఎరుక ప్రతి పరిహాసం వెనుకా పొంచి ఉంటుంది. దైవవిచారణ మీద నమ్మకం సడలిన సమాజంలో ఆ విచారణ అనే ఊహ ఎక్కడ తలదాచుకుందని అడిగితే, ఈ హాస్యంలో అని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఘోరాన్ని చూడాలన్న కోరిక ప్రాచీనమైనదే. ప్లేటో 'రిపబ్లిక్' నాలుగో భాగంలో లియాంటియస్ అనే వ్యక్తి ఏథెన్స్ గోడ పక్కన పడివున్న శవాలను చూడాలన్న ఆశకూ చూడరాదన్న ఏవగింపుకూ మధ్య పెనుగులాడి, చివరికి తన కళ్లను తానే తిట్టుకుంటూ చూస్తాడు. సెయింట్ అగస్టీన్ 'కన్ఫెషన్స్' మూడో భాగంలో, తనకు రావాలని ఎవరూ కోరుకోని దుఃఖాన్ని నాటకశాలలో మనిషి ఎందుకు వెతుక్కుంటాడని ప్రశ్నించి, అక్కడ ప్రేక్షకుడు ఏడవవలసిందే తప్ప ఎవరినీ ఆదుకోవలసిన పని లేదని ఎత్తిచూపాడు. ఇంగ్లండులో ఈ సమస్యకు నవ్వును జోడించినవాడు థామస్ డి క్విన్సీ. హత్యను లలితకళగా భావించి, అందులోని పనితనాన్ని విమర్శకుల్లా తూచే పెద్దమనుషుల సంఘాన్ని ఊహించి, 1827లో ఆయన రాసిన వ్యంగ్యవ్యాసపు స్వరం ఇప్పటి సినిమాల సంభాషణల్లో ఇంకా వినబడుతూనే ఉంది. అయితే డి క్విన్సీ వెక్కిరించింది హత్యను మెచ్చుకునే రసజ్ఞుణ్ణి. ఆ సంగతి మరిచి తామే ఆ సంఘంలో సభ్యులైపోయిన దర్శకులు తక్కువమందేమీ కాదు.

లండన్‌లోని ఈలింగ్ స్టూడియో నుంచి వచ్చిన హాస్యచిత్రాలు ఈ విషయంలో జాగ్రత్తగా ఉన్నాయి. రాబర్ట్ హేమర్ తీసిన 'కైండ్ హార్ట్స్ అండ్ కరొనెట్స్' (1949)లో డ్యూక్ పదవికి అడ్డువచ్చే బంధువులను నాజూకుగా తొలగించుకునే కథానాయకుడు, చేయని హత్యకు మరణశిక్ష పడి, దాన్నుంచి తప్పించుకుని జైలు బయట నిలబడినప్పుడు, తన నేరాలన్నీ వివరంగా రాసుకున్న స్వీయచరిత్రను గదిలోనే మరిచివచ్చానని గుర్తు తెచ్చుకుంటాడు. బ్రిటిష్ ప్రతి అంతటితో ఆగిపోతుంది. నేరానికి శిక్ష తెరమీద కనబడితీరాలన్న నాటి అమెరికన్ నిర్మాణ నియమావళిని తృప్తిపరచడానికి, ఆ కాగితాలు అధికారుల చేతికి చిక్కినట్టు చూపే అదనపు దృశ్యాన్ని అక్కడి ప్రతికి చేర్చారు. ఆ చేర్పుతో శిక్ష ఖాయమైంది గాని తీర్పు మాయమైంది. అలెగ్జాండర్ మెకెండ్రిక్ తీసిన 'ది లేడీకిల్లర్స్'లో ఈ తేడా మరింత స్పష్టం. కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర ఒంటరిగా ఉండే వృద్ధురాలి ఇంట్లో సంగీతకారుల వేషంలో దిగిన అయిదుగురు దొంగలు, రహస్యం తెలిసిపోయిన ఆమెను చంపలేక ఒకరి తర్వాత ఒకరు తామే చనిపోతారు. ఆమె నిజం చెప్పినా పోలీసులు నమ్మకపోవడంతో సొమ్ము ఆమె దగ్గరే మిగిలిపోతుంది. టీ కప్పులతో మందలించే ఆ ముసలమ్మకు తాను విధి చేతిలో పనిముట్టునని తెలియదు, తెలిసివుంటే సినిమా పాడైపోయేది.

ఈ నవ్వు స్వభావాన్ని వివరించడానికి భారతీయ అలంకారశాస్త్రంలోని రసాభాస భావన చాలా దూరం ఉపకరిస్తుంది. తగని చోట పుట్టి రసంలా కనిపించేదాన్ని రసాభాసమంటారు. సీత మీద రావణుడి వలపు పైకి శృంగారంలా ఉన్నా అది శృంగారాభాసమేననీ, ఇటువంటి ఆభాసాలు హాస్యానికి దారితీస్తాయనీ అభినవగుప్తుడు వివరించాడు. ముఠా నాయకుడు మర్యాద గురించీ మాట తప్పకపోవడం గురించీ ధర్మపన్నాలు వల్లిస్తున్నప్పుడు కనిపించేది అటువంటి వీరాభాసమే. కానీ ఆలంకారికులు కరుణ, భయానకాలను హాస్యానికి విరోధులుగా లెక్కించారు. విరోధి రసాలను ఒకే పాత్రలో కాక వేర్వేరు పాత్రల్లో నిలిపితే దోషం తొలగుతుందని ఆనందవర్ధనుడు కొంత సడలింపు ఇచ్చాడు. ఆ సడలింపునూ లక్ష్యపెట్టకుండా నవ్వునూ శోకాన్నీ ఒకే మనిషి మీద మోపిన సినిమా 'ఇన్ బ్రూజ్'.

ఐరిష్ తల్లిదండ్రులకు లండన్‌లో పుట్టి, నాటకకర్తగా పేరు తెచ్చుకున్న మార్టిన్ మెక్‌డోనాకు ఇది తొలి పూర్తినిడివి చిత్రం. రే అనే కిరాయి హంతకుడు ఒక క్యాథలిక్ గురువును చంపడానికి చర్చికి వెళ్లి, పాపసంకీర్తనం గదిలో, అంటే విశ్వాసి తన పాపాలు చెప్పుకుని పశ్చాత్తాపంతో క్షమాపణ పొందే చోట కూర్చుని, హత్య చేశానని ఒప్పుకుంటాడు. ఎవరినని అడిగిన గురువుకే గురిపెట్టి కాలుస్తాడు. పాపం కంటే ముందే జరిగిన ఈ ఒప్పుకోలు సంస్కారాన్ని తలకిందులు చేయగా, గురి దాటిన తూటా అక్కడే ప్రార్థన చేసుకుంటున్న పిల్లవాణ్ణి బలిగొంటుంది. ఆ పిల్లవాడి చేతిలోని కాగితం మీద అతడి పాపాల జాబితా ఉంటుంది: ముభావంగా ఉండటం, లెక్కలు సరిగా రాకపోవడం, దిగులుపడటం. ముఠా నాయకుడు హ్యారీ, రేనూ అతడి తోటివాడు కెన్‌నూ బెల్జియంలోని మధ్యయుగపు నగరమైన బ్రూజ్‌కు పంపుతాడు. అక్కడి మ్యూజియంలో బాష్ గీసినదిగా చెప్పే 'తుది తీర్పు' చిత్రం ముందు నిలబడి, ఇద్దరూ ఉత్తరించు స్థలం గురించి, అంటే నరకానికి తగినంత చెడ్డవి గాని స్వర్గానికి తగినంత శుద్ధమైనవి గాని కాని ఆత్మలు శుద్ధి పొందే చోటు గురించి, చర్చించుకుంటారు. అదే మ్యూజియంలో, లంచం తిన్న న్యాయాధిపతి చర్మాన్ని సజీవంగా ఒలుస్తున్న దృశ్యాన్ని గెరార్డ్ డేవిడ్ 1498లో చిత్రించిన పలకలు కూడా ఉన్నాయి. ఈ నగరాన్ని ఎంచుకోవడంలో దర్శకుడి ఉద్దేశం ఊహించడం కష్టమేమీ కాదు. తర్వాత హ్యారీ ఆజ్ఞ మీద రేను చంపడానికి వెనకనుంచి వచ్చిన కెన్, రే తన కణతకు తానే తుపాకీ పెట్టుకోవడం చూసి అడ్డుపడతాడు: చంపవలసినవాడి ఆత్మహత్యను ఆపిన హంతకుడి తికమక ఒకే క్షణంలో నవ్వునూ గొంతులో ముద్దనూ కలిగిస్తుంది.

బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో చర్చకు పెట్టిన నైతిక అదృష్టమనే సమస్య ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది. మనిషి అధీనంలో లేని సంఘటనలు అతడి దోషాన్ని పెంచడమో తగ్గించడమో న్యాయమేనా అన్నది ఆ సమస్య. తన తప్పేమీ లేకుండా బిడ్డ చావుకు కారణమైన లారీ డ్రైవరు, దారిన పోయేవాడు పడే విచారం కంటే వేరైన వేదన పడతాడనీ, పడకపోతే అతడిలో ఏదో లోపం ఉన్నట్టే అనుకుంటామనీ విలియమ్స్ వాదన. రే వేదన ఈ జాతిదే, కాకపోతే అతడు నిర్దోషి అయిన డ్రైవరు కాదు, కూలికి హత్య చేయబోయినవాడు. సినిమా ఇక్కడ ప్రేక్షకుడికి ఒక ఉచ్చు పన్నుతుంది. పిల్లవాడి కోసం రే కుమిలిపోతుంటే జాలిపడే ప్రేక్షకుడు, ఉద్దేశపూర్వకంగా చంపిన గురువును దాదాపు మరిచిపోతాడు. రే కూడా అతడి కోసం అంతగా కుమిలిపోడు. ప్రేక్షకుడి కరుణ హంతకుడి లెక్కల పుస్తకాన్నే అనుసరించిందన్నమాట. దీన్ని కథనలోపంగా భావించే విమర్శకులతో ఏకీభవించడం కష్టం, ఎందుకంటే సినిమా నడిపే విచారణలో ప్రేక్షకుడికీ బోనులో చోటుంది.

హ్యారీ సంగతి మరింత చిత్రం. పిల్లవాణ్ణి చంపినవాడు అక్కడికక్కడే ప్రాణం తీసుకోవాలన్నది అతడి నియమం. చివర్లో రే శరీరం గుండా దూసుకుపోయిన తూటా, బడిపిల్లవాడి వేషంలో ఉన్న మరుగుజ్జు నటుణ్ణి చంపినప్పుడు, అతణ్ణి పిల్లవాడనే భ్రమించి, రే వారించబోతున్నా వినకుండా తన నియమం ప్రకారం తనను తాను కాల్చుకుంటాడు. నియమాన్ని తనకు మినహాయింపు లేకుండా వర్తింపజేయడం ధర్మానికి గీటురాయి అన్న కాంట్ తరహా కొలమానంతో చూస్తే, ఈ సినిమాలో హ్యారీయే నిష్ఠాపరుడు. అతడి నియమంలో లేనిది ప్రాయశ్చిత్తం. మారడానికి రేకు ఒక అవకాశం ఇవ్వాలని కెన్ బతిమాలినా చెవినపెట్టని హ్యారీ నిష్ఠ, దయతో ఏ సంబంధమూ పెట్టుకోకుండా యంత్రంలా పనిచేసి, చివరికి జరగని నేరానికి సైతం శిక్ష విధిస్తుంది.

గై రిచీ తీసిన 'లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్' (1998), 'స్నాచ్' (2000) చిత్రాల్లో చమత్కారానికి లోటు లేదు, కానీ వాటిలో యాదృచ్ఛికతే రాజ్యమేలుతుంది. శవాలు లేస్తాయి గాని ఎవరి మరణమూ ఎవరి మనసులోనూ మిగలదు. ఆ సొగసు వెనుక నిజమైన మనుషులున్నారన్నది మరవరానిది. 1965లో ఫొటోగ్రాఫర్ డేవిడ్ బెయిలీ కెమెరా ముందు సూట్లతో ఠీవిగా నిలబడిన లండన్ ముఠా నాయకులు క్రే కవల సోదరుల్లో రోనీ, మరుసటి ఏడాది మార్చిలో వైట్‌చాపెల్‌లోని ఒక పబ్బులో జార్జ్ కార్నెల్‌ను అందరూ చూస్తుండగా కాల్చిచంపాడు.

యాదృచ్ఛికతకు వేరే అర్థం ఉండవచ్చునన్న సూచన, హాస్యం అంతగా లేని పాత కథ ఒకదానిలో దొరుకుతుంది. క్యాథలిక్ అయిన గ్రాహం గ్రీన్ 1938 నాటి నవల 'బ్రైటన్ రాక్'లో, నరకాన్ని నిశ్చయంగా నమ్మే కుర్ర ముఠా నాయకుడు పింకీ, తనను ప్రేమించిన రోజ్ కోసం గ్రామఫోను రికార్డు మీద ద్వేషాన్ని నమోదు చేసి చనిపోతాడు. ఆమె దాన్ని వినడానికి ఇంటికి వెళ్తుండగా నవల ముగుస్తుంది. గ్రీన్, టెరెన్స్ రాటిగన్ కలిసి స్క్రీన్‌ప్లే రాయగా జాన్ బౌల్టింగ్ తీసిన సినిమాలో మాత్రం రికార్డు గీత దగ్గర ఆగిపోయి, ప్రేమిస్తున్నానన్న మాటనే పదేపదే వినిపిస్తుంది. చాలామంది దీన్ని వ్యాపారం కోసం చేసిన రాజీగా కొట్టిపారేశారు. దైవకృప అర్హతను చూసి రాదనీ, అది మనిషి ఊహించని, ఒక్కోసారి హాస్యాస్పదమైన దారిలో వస్తుందనీ బోధించే మతంలో పెరిగిన ప్రేక్షకుడికి ఆ గీత అంత తేలికైన విషయం కాకపోవచ్చు. ముల్లును ఒక్క వేలితో ముందుకు జరిపితే చాలు, మిగతా మాటలన్నీ వినిపిస్తాయన్నదీ అంతే నిజం. ఆ వేలు ఎవరిదన్న విషయంలో సినిమా ఏమీ చెప్పదు.