శరణ్యము

మన హిమాయత్‌నగరము పేరిలోని హిమాయత్ శబ్దమునకు రక్షణమని యర్థము. ఆపదయందు రక్షించువాఁ డెవఁడు? సముద్రజలములు ఘోషించినను, పర్వతములు కదలినను పరమేశ్వరుఁడే యాశ్రయమని యూదుల 46వ కీర్తన చెప్పుచున్నది.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి వేలకొలఁది జనులను మ్రింగెను. అఫ్జల్‌గంజునందలి చింతచెట్టు నాశ్రయించి సుమారు 150 మంది బ్రదికిరి. కొట్టుకొనిపోయినవారు విశ్వాసహీనులని పలుకుటకు మాకు నోరు రాదు. వారును చేతులు జోడించియే యుందురు. శరణాగతి ప్రాణములకు పూచీపత్రము కాదు.

మఱి యేమి? క్రీ. పూ. 701లో అష్షూరురాజు యెరూషలేముపై దండెత్తఁగా హిజ్కియారాజు శత్రువు పంపిన లేఖను దేవాలయమునఁ బరమేశ్వరుని యెదుట విప్పి ప్రార్థించెను. ముట్టడి పొంచియుండఁగనే పురములోనికి నీరు వచ్చునట్లు రాతిలో సొరంగమును తొలిపించెను. భీతుఁడైనవాఁడు వీనిలో నొకదానితో సరిపెట్టుకొనును. ఆశ్రయము దొరికినవాఁడు గనుక నతఁడు రెండును జేసెను.

మూసీ వరద పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును నిర్మితములయ్యెను. ఆ కట్టలును మాకుఁ బ్రార్థనలుగనే తోఁచును. ఇఁక హుస్సేనుసాగరపు మిగులునీటి కాలువ మన యశోకనగరము ప్రక్కనే పాఱుచున్నది. అది పూడియుండఁగా నింటఁ గూర్చుండి కీర్తనలు పాడుట శరణాగతి యగునా?