అక్క సంతకం

హంద్రీ అవతల కల్లూరు ఒకప్పుడు వేరే ఊరు. ఇప్పుడు కర్నూలులో ఒక పక్క. జొన్నలు, శెనక్కాయలు పండిన మెట్ట చేలల్లో హద్దురాళ్లు పాతి ప్లాట్లు అమ్ముతున్నారు. ఎకరాల లెక్క పోయి సెంట్ల లెక్క వచ్చింది. చేను చేనుగా ఉన్నన్నాళ్లూ ఆడబిడ్డ వాటా మాట ఎవరి నోటా రాలేదు. వానలు లేక అప్పులు మిగిల్చే చేలో వాటా అడిగేదెవరు? ధర పెరిగాకే అక్కచెల్లెళ్లు గుర్తుకొచ్చారు. అదీ సంతకాల కోసం.

రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర ఈ తంతు చూస్తుంటాను. దస్తావేజు రాసే ఆయన బల్ల చుట్టూ అన్నదమ్ములు నిలబడి ఉంటారు. అక్క కొంగు సర్దుకుంటూ బెంచీ చివర కూర్చుని ఉంటుంది. "ఈడ పెట్టక్కా" అని తమ్ముడు కాగితం మీద వేలుపెట్టి చూపిస్తాడు. అది హక్కు విడుదల పత్రం. చదివి వినిపించమని ఆమె అడగదు. పసుపు కుంకుమ కింద ఒక చీర, కాస్త డబ్బు.

చట్టం రాలేదా అంటే, దేశం కంటే ముందే మనకు వచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు లేదు. ఆ ఆగస్టులో పెళ్లయిన అక్కకు సున్నా, పెళ్లి కాని చెల్లెలికి వాటా! 2005లో పార్లమెంటు ఆ గీత చెరిపేసింది. అప్పటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగవు మిగిలితే, అక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇన్ని దాటి వచ్చిన హక్కు ఒక్క సంతకంతో ఎందుకు వెనక్కి పోతోంది? ఆమెకు తెలియక కాదు. మొగుడు కొట్టినా, పురుడొచ్చినా, పిల్ల పెళ్లికి మేనమామ కావాల్సి వచ్చినా వెళ్లాల్సింది ఆ పుట్టింటి గడపకే. ఆ గడప మూసుకుపోకుండా ఆమె కట్టే కిస్తీ ఈ సంతకం. కూలి దగ్గర ఈ చిక్కు రాలేదు. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు ఆడకూ మగకూ ఒకటే కూలి రేటు. అది అందుకోవడానికి ఏ ఆడమనిషీ అన్నను నొప్పించాల్సిన పని లేకపోయింది. ఆస్తి దగ్గర అడగాల్సింది సర్కారును కాదు, ఉగాదికి చీర పెట్టే తమ్ముణ్ణి.

"దూరపు చేను ఆడపిల్లేం చేసుకుంటుంది?" అంటారు. సేద్యం మాటైతే అందులో కొంత న్యాయం ఉంది. ప్లాటుకు ఏ నాగలి కావాలి? ఇంటికి నష్టమన్న మాటా నిలవదు. ఆ తమ్ముడి పెళ్లామూ తన పుట్టింట్లో ఇలాగే సంతకం పెట్టి వచ్చి ఉంటుంది. అందరూ వాటాలు పుచ్చుకున్నా, అందరూ వదులుకున్నా, మొత్తమ్మీద ఇళ్లకు చేరే భూమి ఇంచుమించు అంతే. తేడా పాసుపుస్తకం మీది పేరులో. బ్యాంకువాళ్లు పంట అప్పు ఆ పేరు చూసే ఇస్తారు. చేను తాకట్టు పెడతానని మొగుడంటే, వద్దని ఆపగలిగేదీ ఆ పేరున్న మనిషే.

ఈ లెక్క మగవాళ్లకు చెబితే నవ్వి ఊరుకుంటారు. నిజానికిది ఆడబిడ్డా వదినా ఎదురుబొదురు కూర్చుని వేసుకోవాల్సిన లెక్క. మా దగ్గర వాళ్లిద్దరి మధ్యే నిప్పు పెడతారు. "నీ ఆడబిడ్డ ఆస్తికొచ్చింది" అని ఈమెకు, "ఇదంతా మీ వదినే చేయిస్తాంది" అని ఆమెకు.