దేవుని ఇంటి గుమ్మం దగ్గర టికెట్ పెట్టవచ్చా?



ఇంగ్లండుకి చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు అక్కడి పెద్ద పెద్ద కెథడ్రల్స్ చూసి ఇంటికి ఫొటోలు పంపిస్తుంటారు. కొంతమంది ఫొటోతో పాటు ఒక ప్రశ్న కూడా పంపిస్తారు. "చర్చిలోకి వెళ్లడానికి టికెట్ అడుగుతున్నారు, ఇది న్యాయమేనా?" అని. ఈ వారం వీడియోలో దీని గురించి క్లుప్తంగా చెప్పుకున్నాం. ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచిద్దాం. ఎందుకంటే ఇందులో మనం జవాబు చెప్పుకోవలసిన సంగతి కూడా ఒకటి ఉంది.

ముందు కెథడ్రల్ అంటే ఏంటో చూద్దాం. బిషప్పుగారి పీఠం ఉన్న చర్చిని కెథడ్రల్ అంటారు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండుకి ఇంగ్లండులో 42 కెథడ్రల్స్ ఉన్నాయి. వీటిలో కొన్ని తొమ్మిది వందల ఏళ్ల నాటివి. డరమ్ కెథడ్రల్‌కు పునాది వేసింది 1093లో. అక్కడే 687లో ప్రభువునందు నిద్రించిన కత్‌బర్ట్ అనే భక్తుని సమాధి ఉంది, 735లో కన్నుమూసిన బీడ్ అనే పండితుని సమాధి కూడా ఉంది.

ఇవి మ్యూజియంలు కావండి. ఇప్పటికీ ప్రతిరోజూ ఆరాధన జరిగే మందిరాలు. పొద్దున ప్రార్థన ఉంటుంది, ప్రభు బల్ల ఉంటుంది, సాయంత్రం "ఈవెన్‌సాంగ్" అనే పాటల ఆరాధన ఉంటుంది. ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్ 1549లో తీసుకొచ్చిన ప్రార్థన పుస్తకం నుంచి వచ్చిన క్రమం అది. ఆ రోజుకు నియమించిన కీర్తనలు, పాత నిబంధనలో ఒక పాఠం, కొత్త నిబంధనలో ఒక పాఠం, మరియమ్మ పాడిన స్తుతి, వృద్ధుడైన సిమియోను పలికిన మాటలు, ఇవన్నీ అందులో ఉంటాయి. పాడేది పెద్దవాళ్లు ఒక్కరే కాదు, బడికి వెళ్లే పిల్లలు కూడా. వందల ఏళ్లు మగపిల్లలే పాడేవారు. 1991లో సాల్స్‌బరీ కెథడ్రల్ ఆడపిల్లలకు కూడా క్వయర్ పెట్టింది. చలికాలంలో ఒక మామూలు సాయంత్రం బెంచీల మీద పదిమందే కూర్చున్నా ఆ పాట ఆగదు. చూడ్డానికి వచ్చిన జనం కోసం కాకుండా దేవుని కోసం పాడే పాట కదా మరి!

ఈ ఆరాధనకు ఎక్కడా టికెట్ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

మరి డబ్బు సంగతి? ఇంగ్లండు రాజుగారే ఆ చర్చికి అధిపతి కాబట్టి ప్రభుత్వమే అన్నీ భరిస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. అది నిజం కాదు. కెథడ్రల్స్ నడపడానికి ప్రభుత్వం ఏటేటా డబ్బు ఇవ్వదు. మొదటి ప్రపంచ యుద్ధానికి వందేళ్లయిన సందర్భంలో 2014లో 2 కోట్ల పౌండ్లు, ఆ తర్వాత 2016లో మరో 2 కోట్ల పౌండ్లు మరమ్మతుల కోసం ఇచ్చింది. అలాంటివి ఎప్పుడో ఒకసారి వచ్చేవి. డీన్‌కి, మరో ఇద్దరు పాదిరులకు ఇచ్చే జీవనభృతిని చర్చి నిధి భరిస్తుంది. మిగతాదంతా, అంటే కప్పు మీద సీసపు రేకులు, రంగు అద్దాలు, రాతిపని వాళ్ల కూలి, హీటింగ్, క్వయర్ ఖర్చు, ఆర్గన్ మరమ్మతు, ఇవన్నీ ఆ కెథడ్రల్ తానే ఎక్కడినుంచో తెచ్చుకోవాలి.

తెచ్చుకోవడానికి వాళ్లు రెండు దారులు పట్టారు.

లండన్‌లోని సెయింట్ పాల్స్, కాంటర్‌బరీ, యార్క్ మిన్‌స్టర్ వంటివి చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర టికెట్ తీసుకుంటాయి. సెయింట్ పాల్స్‌లో పెద్దవాళ్లకు 20 పౌండ్లకు పైనే, మన డబ్బుల్లో రెండు వేల రూపాయలు దాటుతుంది. ఆరాధనకు వచ్చినవాళ్ల దగ్గర, ప్రార్థన చేసుకుంటామన్నవాళ్ల దగ్గర తీసుకోరు. డరమ్, నారిచ్ వంటివి తలుపు తెరిచే ఉంచాయి. "మీకు తోచింది కానుకగా వేయండి" అని అడుగుతాయి, అంతే.

ఏది దేవునికి ఇష్టమైన దారి?

వెంటనే మనకు గుర్తొచ్చేది యేసుప్రభువు దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోసిన సంఘటన. కాని ఒక్క నిమిషం ఆగుదాం. ఆ బల్లలు ఎక్కడ ఉన్నాయి? అన్యజనుల ఆవరణంలో అని వ్యాఖ్యాతలు చెబుతారు. అన్యజనులు వచ్చి నిలబడి ప్రార్థన చేసుకోగలిగిన చోటు అదొక్కటే. దాన్ని వ్యాపారం ఆక్రమించింది. అందుకే ప్రభువు తన మందిరం సమస్త జనులకు ప్రార్థన మందిరమన్న యెషయా మాటను జ్ఞాపకం చేశాడు. గుడిలో డబ్బు కనిపించినందుకే ఆయన కోపపడ్డాడని అనుకోలేం. ఆ తర్వాత ఆయనే కానుకల పెట్టె ఎదుట కూర్చుని ఎవరు ఎంత వేస్తున్నారో చూశాడు కదా! ప్రార్థనకు వచ్చినవాడికి చోటు లేకుండా చేయడమే అక్కడ జరిగిన పాపం.

ఈ కొలతతో చూస్తే 2011లో సెయింట్ పాల్స్‌కి వచ్చిన పరీక్ష అర్థమవుతుంది. ఆ అక్టోబరులో బ్యాంకుల అన్యాయానికి నిరసనగా కొంతమంది ఆ కెథడ్రల్ మెట్ల దగ్గర గుడారాలు వేసుకున్నారు. భద్రత కారణాలు చెప్పి కెథడ్రల్ తలుపులు వారం రోజులు మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అలా మూయడం అదే మొదటిసారి. రోజుకు 20,000 పౌండ్ల దాకా రాబడి పోతోందని పత్రికలు రాశాయి. గుడారాలను బలవంతంగా తీయించే ఆలోచనకు ఒప్పుకోలేక అక్కడి పాదిరిగారు ఒకరు రాజీనామా చేశారు, కొద్ది రోజులకే డీన్ కూడా పదవి వదిలేశారు. టికెట్ మీద బతికే మందిరానికి ఉన్న ప్రమాదం ఇదే. మెట్ల మీద బీదవాడి గొంతు వినబడినప్పుడు, ముందు గల్లాపెట్టె గుర్తొస్తుందా, సువార్త గుర్తొస్తుందా అనే ప్రశ్న వస్తుంది.

అయితే "ఉచితం" అన్న మాటతో అంతా సరిపోతుందా? పీటర్‌బరో కెథడ్రల్ చూడండి. అక్కడా ప్రవేశానికి టికెట్ లేదు. 2016లో ఆ కెథడ్రల్‌కి రోజువారీ ఖర్చులకే డబ్బు లేని పరిస్థితి వచ్చింది. డీన్ పదవి వదిలారు, బిషప్పుగారు విచారణ జరిపించారు, మొత్తం ఇంగ్లండు చర్చి కెథడ్రల్స్ పరిపాలన మీద ఒక కమిటీ వేసుకుంది. చివరికి 2021లో కొత్త చట్టమే వచ్చింది. కెథడ్రల్స్ కూడా మిగతా ధర్మసంస్థల్లాగే చారిటీ కమిషన్‌కి జవాబుదారీగా ఉండాలని అది చెబుతుంది. డబ్బు లెక్క చూసుకోకపోతే ముందు దెబ్బ తగిలేది అక్కడ ఊడ్చేవాళ్లకు, కాపలా కాసేవాళ్లకు, ఆఫీసులో పనిచేసేవాళ్లకు. వాళ్ల జీతం ఆపి "మా గుమ్మం ఉచితం" అని చెప్పుకోవడం భక్తి అనిపించుకోదు.

అందుకే తలుపు తెరిచి ఉంచాలనుకున్నవాళ్లు రకరకాల పనులు చేశారు. 2013లో డరమ్ వాళ్లు లెగో ఇటుకలతో తమ కెథడ్రల్ నమూనా మొదలుపెట్టారు. ఒక పౌండ్ ఇచ్చి ఎవరైనా ఒక ఇటుక పెట్టవచ్చు. 2016కి అది పూర్తయింది, 3 లక్షల ఇటుకలు, 3 లక్షల పౌండ్లు. 2019 ఆగస్టులో నారిచ్ వాళ్లు మందిరం మధ్యలో తిరునాళ్లలో ఉండే పెద్ద జారుడుబల్ల పెట్టారు. పైకెక్కితే కప్పుకు చెక్కిన బైబిలు శిల్పాలు దగ్గరగా కనిపిస్తాయన్నది వాళ్ల మాట. "దేవుని మందిరంలో ఆటలా?" అని చాలామంది బాధపడ్డారు. ఆ బాధలో నిజం ఉంది. కాని ఆ బాధపడ్డవాళ్లలో ఎంతమంది ఆ కప్పు మరమ్మతుకు ఒక పౌండ్ ఇచ్చి ఉంటారు?

ఇక్కడే ప్రశ్న మన వైపు తిరుగుతుంది. దావీదు కథ గుర్తుచేసుకోండి. తెగులు ఆగిపోవాలని బలిపీఠం కట్టడానికి అరౌనా కళ్లం దగ్గరకు వెళ్తే, అరౌనా అన్నీ ఉచితంగా ఇస్తానన్నాడు. కళ్లం, ఎద్దులు, కట్టెలు, అన్నీ. దావీదు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు లేని దాన్ని దేవునికి బలిగా ఇవ్వనని వెల కట్టి కొన్నాడు. తర్వాత సొలొమోను దేవాలయం కట్టింది ఆ చోటే. అంటే ఆ మందిరం నిలిచిన నేల ఒకడు తన చేతి డబ్బు పెట్టి కొన్న నేల. మనకు ఉచితంగా దొరికే ప్రతి మందిరం వెనుక ఇలా ఎవరో ఒకరు వెల చెల్లించే ఉంటారు.

మన తెలుగు నేల మీద కూడా ఈ సాక్ష్యం ఉంది. ఇంగ్లండు చర్చి పరంపరలోనే 1912లో అజరయ్యగారు దోర్నకల్‌కి మొదటి బిషప్పు అయ్యారు. ఆ పరంపరలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. దోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ 1939లో జరిగింది. అక్కడి విశ్వాసుల్లో ఎక్కువమంది రెక్కాడితేగాని డొక్కాడని కూలీలు. అయినా బీదవాళ్లు కూడా దేవునికి ఇవ్వాలని ఆయన నేర్పించారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆదివారం మందిరానికి తెచ్చే మన సంఘాల అలవాటు మీలో చాలామందికి తెలిసిందే. గుమ్మం దగ్గర ఎవరూ అడగలేదు. అమ్మలే తమ గిన్నెలోంచి తీసి పెట్టారు.

చివరిగా ఒక కష్టమైన మాట. బీద విధవరాలి రెండు కాసుల కథ మార్కు సువార్తలో ఎక్కడుందో చూడండి. దానికి ముందు, విధవరాళ్ల ఇండ్లు మింగేసే శాస్త్రుల గురించి ప్రభువు హెచ్చరించాడు. దాని వెంటనే, ఈ దేవాలయపు రాళ్లు ఒకదాని మీద ఒకటి నిలవవని చెప్పాడు. అంటే కూలిపోయే కట్టడానికే ఆమె తన జీవనమంతా ఇచ్చేసింది! ఆమె కానుక వృథా అయిందా? కాలేదు. ఇచ్చిన ఆమె హృదయాన్ని ప్రభువు చూశాడు. తీసుకున్నవాళ్ల చేతుల్ని కూడా చూశాడు. ఇచ్చేవాడికి ఒక తీర్పు, పెట్టె తాళం ఉన్నవాడికి ఇంకో తీర్పు.

కాబట్టి ఆ ప్రశ్నకు నా జవాబు ఇది. చూడ్డానికి వచ్చినవాడి దగ్గర టికెట్ తీసుకోవడం పాపమని నేను అనలేను, ప్రార్థనకు వచ్చినవాడికి దారి ఉన్నంతవరకు. కాని తెరిచిన తలుపే సువార్తకు దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే ఏడుస్తూ వచ్చినవాడు "నేను ప్రార్థనకు వచ్చాను, చూడ్డానికి కాదు" అని కౌంటర్ దగ్గర రుజువు చేసుకోవలసిన అవసరం అక్కడ ఉండదు. అయితే ఆ తలుపు తెరిచి ఉండాలని కోరేవాడు ఆ కప్పు బరువులో తన వంతు మోయాలి. ఊరికే లోపలికి వెళ్లి, ఫొటో తీసుకుని, బయటికొచ్చి ధర్మం మాట్లాడటం చాలా సులువు.

ఈ ఆదివారం మీ సంఘంలో కానుకల సంచి మీ ముందుకు వచ్చినప్పుడు, ఆ వారం మందిరంలో వెలిగిన లైటు, ఊడ్చిన చేతులు, పాట నేర్పిన గొంతు ఒక్కసారి తలుచుకోండి. సంఘపెద్దలైతే ఆ డబ్బు లెక్క అందరి ముందు చదివి వినిపించండి.

ప్రభువా, నీ ఇంటి తలుపు బీదవాడి ముఖం మీద మూసుకోకుండా కాపాడు. ఆ తలుపు తెరిచి ఉంచే భారం మా అందరికీ పంచు. యేసు నామంలో వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.